ఒకటి మందిరం, రెండు బడి

ఈస్టరుకు ముందు నలభై శ్రమల దినాల్లో మా సంఘంలో కొందరు మాంసం మానేస్తారు. కొందరు కాఫీ మానేస్తారు. మా ఆయన సుందరరాజు ప్రతి ఏడూ పకోడీలు మానేసి బజ్జీలు తింటాడు. నిరుడు నేను సుద్దముక్క మానేశాను. ఇష్టపడి కాదు, మాన్పించారు.

నా పేరు రూతమ్మ. ఆళ్లగడ్డ బేతేలు మిషన్ హైస్కూల్లో ఇరవై ఆరేళ్లుగా జీవశాస్త్రం చెప్తున్నాను. రంగు సుద్దలతో నేను బోర్డు మీద గుండెకాయ గీస్తుంటే పక్క క్లాసు టీచర్లు పాఠం ఆపి కిటికీలోంచి చూసేవాళ్లు. మా ఊళ్లో రాతిని చెక్కే శిల్పులకు ఎంత గర్వముందో నాకూ అంతే ఉండేది, దాచుకోవడమెందుకు. పదో తరగతి జీవశాస్త్రమంటే రూతమ్మ టీచరు. ఇంకొకరి పేరు ఎవరికీ తట్టేది కాదు. రిటైర్మెంటుకు ఇంకో నాలుగేళ్లుంది, ఆ నాలుగేళ్లూ పదో తరగతిలోనే నిలబడి వెళ్లిపోవాలని నా కోరిక.

ఇక్కడ మా కాంపౌండు సంగతి కొంచెం చెప్పాలి. మందిరం, బడి పక్కపక్కనే. మధ్యలో గోడ ఒకటే. కరెంటు మీటర్లు రెండు, కుళాయిలు రెండు, తాళాలు రెండు. ఒకటో నంబరు మందిరానిది, రెండో నంబరు బడిది. దొరల కాలం నుంచీ అంతే. దేవుడు ముందు, చదువు తర్వాత. ఒకటో తాళంచెవి బడికి పట్టదని మా వాచ్‌మన్‌కు నిద్రలో లేపి అడిగినా తెలుసు.

జనవరిలో ఎవరో దాత పుణ్యమా అని పదో తరగతి గదిలో గోడంత డిజిటల్ తెర ఒకటి బిగించారు. అదే రోజు ఆ బిగించిన మనిషే మందిరంలో పాటలు చూపించడానికి టీవీ కూడా బిగించిపోయాడు. నా క్లాసులో ఆ తెర మీద నేను పాత దుప్పటి కప్పించాను. దుమ్ము పడకుండా అని చెప్పాను గానీ, దాని ముఖం చూడలేక.

భస్మ బుధవారం మరుసటి రోజు మా కరస్పాండెంటు అజయ్ కుమార్ గారు మీటింగు పెట్టారు. బడికి కరస్పాండెంటూ ఆయనే, సంఘానికి సెక్రెటరీ ఆయనే. ఆయన మా ముందుకు వస్తే మేము నవ్వాలో ప్రార్థన చెయ్యాలో తేల్చుకోలేం.

"ఈస్టరు అయినంక నంద్యాలలో డెమో ఉంటాది. మన మిషన్ బడులన్నిటికీ కలిపి," అన్నారు. "ప్రతి టీచరూ ఒక పాఠం తెర మీద చెప్పాల. చెప్పలేనోళ్లకు జూన్ నుంచి పదో తరగతి ఉండదు."

"ఉండకపోతే ఏం చెయ్యాల సార్?" అన్నాను.

"లైబ్రరీ ఉంది కదమ్మా."

మా లైబ్రరీ అంటే రెండు బీరువాలు, ఒక ఎలుక. ఆ ఎలుక నేను లేకుండానే అన్ని పుస్తకాలూ నడిపిస్తోంది.

తర్వాత పాఠాలకు చీటీలు వేశారు. నా చీటీ విప్పితే 'ప్రత్యుత్పత్తి' అని ఉంది. సోషల్ సారు దగ్గు వచ్చినట్టు నోటికి కర్చీఫు అడ్డం పెట్టుకున్నాడు. ఎందుకంటే ఇరవై ఆరేళ్లలో ఆ పాఠం నేను ఒక్కసారీ చెప్పలేదని బడి మొత్తానికీ తెలుసు. "ఇంటికాడ చదువుకోండి" అని పేజీలు గబగబా తిప్పేసి తర్వాతి పాఠానికి వెళ్లిపోయేదాన్ని. పిల్లలు ఆ ఒక్క పాఠం మాత్రం నిజంగానే ఇంటి దగ్గర చదువుకునేవాళ్లు.

ఇప్పుడు తెర ఎవరు నేర్పిస్తారు? మా ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఫోన్లో వచ్చిన ప్రతి శుభోదయాన్నీ బస్సులో టికెట్లు కొట్టినట్టు అందరికీ కొట్టి ఇస్తాడు, అంతకు మించి ఆయనకు రాదు. ఇంట్లో అన్నీ తెలిసిన మనిషి ఒకతే ఉంది. ఆమెతో నేను మాట్లాడను.

మా కొడుకు వినీత్ శ్రీశైలం పవర్‌హౌసులో ఇంజనీరు. వారానికొకసారి ఇంటికొస్తాడు. అంతకు ముందు ఏడు ఒక ఆదివారం ఒక పిల్లను వెంటబెట్టుకొని వచ్చి, "అమ్మా, నీకు ముందే చెప్దామనుకున్నా" అన్నాడు. ముందే చెప్దామనుకున్నది రిజిస్టరు పెళ్లి. పిల్ల పేరు హిమజ. నంద్యాల గాంధీ చౌకులో చీరల అంగడి గురుమూర్తి శెట్టి ఒక్కగానొక్క కూతురు. ఆ రోజు నుంచీ ఆయన కూతురి పేరు ఎత్తడం మానేశాడు. నేను ఎత్తడం మొదలే పెట్టలేదు. "ఆ పిల్ల" అనేదాన్ని.

నిజం చెప్పాలంటే ఆ పిల్లలో వంక పెట్టడానికి ఏమీ లేదు, అదే నాకు మంట. ఆదివారం మందిరానికొచ్చి వెనక బెంచీ మీద కూర్చుంటుంది. ఇంటికొచ్చి తన గదిలో తన దేవునికి దండం పెట్టుకుంటుంది. "రెండు పక్కలకూ టికెట్టు తీసుకునింది, మంచిదేలే" అంటాడు మా ఆయన. సాయంత్రాలు మేడ మీద ఫోను నిలబెట్టుకొని చీరలు చూపించి అమ్ముతుంది. ఒక్కతే గోడ ముందర కూర్చొని "అక్కా, ఈ అంచు చూడండి" అని మాట్లాడుతుంటే, పాపం ఈ వయసుకే ఇట్లయిందే అనుకునేదాన్ని. అవతల నాలుగు వందల మంది చూస్తున్నారని ఆలస్యంగా తెలిసింది. నా క్లాసులో ఎప్పుడూ నలభై రెండు మందే.

మూడు రోజులు ఫోనుతో నేనే కుస్తీ పట్టాను. నాలుగో రోజు మేడ మెట్లెక్కాను.

"ఏమ్మా, పనిలో ఉండావా?" అన్నాను. పెళ్లయిన ఏడాదిలో నేనామెను అడిగిన మొదటి మాట అది.

ఆ పిల్ల చేతిలో చీర అట్లనే ఉండిపోయింది. "లేదత్తమ్మా. చెప్పండి."

"ఈ ఫోన్లో ఉండేది ఆ తెర మీదికి ఎట్ల పోతాది?"

ఏమీ అడగలేదు, నవ్వలేదు. చాప వేసి కూర్చోబెట్టింది. అక్కడితో ఆమె మంచితనం అయిపోయింది. అంత కఠినమైన టీచరును నేను నా ఉద్యోగంలో చూడలేదు.

"నొక్కకండి అత్తమ్మా, తాకండి సాలు."

"తాకితే దానికి తెలుస్తాదా?"

"తెలుస్తాది. మీరు బోర్డు మీద సుద్ద అరగదీసినట్ల అరగదీస్తాండారు."

అసలు నా వేలే ఫోనుకు తెలియలేదు. ఇరవై ఆరేళ్లు సుద్ద పట్టి వేలి కొన మొద్దుబారిపోయిందట. కొబ్బరినూనె రాసుకోమంది. రాసుకుంటే వేలు జారి మా అయ్యగారికి ఫోను పోయింది. పాస్టరుగారు ఎత్తి, "వందనాలమ్మా, ప్రార్థన అవసరత ఏమన్నా ఉందా?" అన్నారు. ఉందన్నాను.

ఆ పిల్ల చెప్పినవన్నీ నోటుపుస్తకంలో వరుసగా రాసుకున్నాను. పద్నాలుగు మెట్లు వచ్చాయి. ఐదో రోజు ఆ పుస్తకం కనిపించలేదు. వెతికి వెతికి అడిగితే, "నేనే దాచిపెట్టినా. చూసి రాస్తే కాపీ కదత్తమ్మా?" అంది. పరీక్ష హాల్లో ఎంతమంది దగ్గర నేను చీటీలు లాక్కున్నానో దేవునికే లెక్క. ఆ ఉసురంతా ఒక్కసారిగా తగిలింది. కోపంతో ఆ మధ్యాహ్నం నేను అన్నం తినలేదు. సాయంత్రం మళ్లీ పోయి చాప నేనే వేసుకున్నాను.

ఆదివారం వినీత్ వచ్చాడు. మేమిద్దరం మేడ మీద "ముందు వైఫై చూడండి", "చూసినా తల్లీ", "చూళ్లేదు", "నా కండ్లకు అద్దాలుండాయి లే" అని అరుచుకుంటున్నాం. కింద తండ్రితో, "నాయనా, వీళ్లు కొట్లాడుకుంటాండారు" అన్నాడట సంతోషంగా.

మూడో వారానికి పాఠం తయారైంది. బొమ్మలు, నా గొంతు కలిపి వీడియో తియ్యాలి. నేను నిలబడి ఒకసారి చెప్పి చూపించాను. హిమజ తల గోక్కుంది.

"పుస్తకం చదివినట్లుంది అత్తమ్మా. నేను చీరను అట్ల చూపిస్తే ఒక్కరూ ఉండరు. మీరు నేలను చూసి చెప్తాండారు."

"ఈ పాఠం నేలను చూసే చెప్పాల. ఎవరు తలెత్తి చెప్తారు?"

"మా టీచరు కూడా అంతే," అంది ఆ పిల్ల. "ఇంటికాడ చదువుకోమనింది. ఇంట్లో మా అమ్మ ఆ పేజీలకు స్టేప్లర్ పిన్నులు కొట్టేసింది. ఎనిమిది పిన్నులు. నాకు మొదటిసారి నెలసరి వచ్చినప్పుడు ఏదో పెద్ద జబ్బు అనుకున్నా. రెండు దినాలు ఎవరికీ చెప్పకుండా అంగట్లో చీరల మూటల ఎనక కూర్చొని ఏడ్చినా."

ఇరవై ఆరేళ్లు, ఏడాదికి ఇరవై మంది ఆడపిల్లలు. ఎంతమందికి నేను పిన్నులు కొట్టానో లెక్క వేసుకున్నాను.

"ఫోనెత్తు. తియ్యి," అన్నాను.

ఈసారి ఫోను వెనక ఉన్న ఆ పిల్ల ముఖాన్నే చూసి చెప్పాను. మళ్లీ తియ్యాల్సిన పని పడలేదు.

వీడియోను బడి తెర మీదికి పంపడం ఒకటే మిగిలింది. రెండు మూడుసార్లు నా పక్కన నిలబడి తనే పంపి చూపించింది; నేను ఆమె వేలును కాదు, తెరనే చూశాను. ఫోన్లో రెండు పేర్లు కనిపిస్తాయి: బేతేలు 1, బేతేలు 2.

"బడి తెర ఒకటి అత్తమ్మా. మందిరం టీవీ రెండు. గుర్తు పెట్టుకోండి."

"తలకిందులు చెప్తాండావు. మా కాంపౌండులో ఒకటి మందిరం, రెండు బడి."

"ఫోన్లో ఇట్ల ఉంది."

"ఆ బిగించినోడు ఊరికి కొత్త."

"అందుకే బడిది ముందు బిగించి ఒకటని పేరు పెట్టినాడు. మీరు ఒకటే నొక్కండి."

ఊ అన్నాను. అనడానికేం పోయింది. శెట్టిగారి బిడ్డకు మా దొరల కాలం నాటి పద్ధతులు ఏం తెలుస్తాయిలే అని లోపల అనుకున్నాను.

శ్రమల దినాల్లో నాలుగో శుక్రవారం. పదో తరగతి పిల్లలు పబ్లిక్ పరీక్షల్లో ఉన్నారు, మిగతా వాళ్లకు ఒంటిపూట బడులు. పన్నెండుకు బడి ఖాళీ. పన్నెండు నుంచి రెండు దాకా పక్కన మందిరంలో ఉపవాస కూడిక. మా ఆయన సంఘపెద్ద కాబట్టి నేను ముందు వరుసలో ఉండాలి. "తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దాల" అని మా ఆయనతో అబద్ధం చెప్పి పదో తరగతి గదిలో దూరాను. హిమజ అప్పటికే మందిరంలో ఉంది. టీవీలో పాటలు పెట్టే పని మా ఆయన ఆమెకు అప్పజెప్పాడు. ఎవరూ పక్కన లేకుండా ఒంటరిగా పాఠం నడిపి చూడాలని నా పంతం.

దుప్పటి తీశాను. తెర వెలిగించాను. వీడియో తెరిచాను. రెండు పేర్లు వచ్చాయి. రెండు నొక్కాను. నొక్కలేదు, తాకాను.

తెర మీద ఏమీ రాలేదు. నీలంగా ఖాళీగా ఉంది. శబ్దమన్నా వస్తుందేమోనని వాల్యూమ్ పెంచాను. రాలేదు. ఇంకా పెంచాను. చివరిదాకా పెంచాను.

అప్పుడు నా గొంతు నాకు గోడ అవతల నుంచి వినబడింది.

ఒక్క క్షణం చచ్చిపోయాననే అనుకున్నాను.

అక్కడ ఏం జరిగిందో మా ఆయన తర్వాత చెప్పాడు. అయ్యగారు నాలుకను అదుపులో పెట్టుకోవడం గురించి ప్రసంగించి, అందరినీ కళ్లు మూసుకోమన్నారు. చేతులెత్తి, "తండ్రీ, ఈ మధ్యాహ్నం మాతో మాట్లాడు" అని అడిగారు. అప్పుడు నేను మాట్లాడాను.

"పిల్లలూ, ఇది గర్భసంచి. దీన్ని చూసి ఎవరూ తల దించుకోవద్దు. దేవుడు సిగ్గుపడకుండా చేసిన దాన్ని మనం సిగ్గుపడకుండా చదువుదాం. మీలో ప్రతి ఒక్కరూ తొమ్మిది నెలలు కాపురమున్న ఇల్లు ఇది."

ముందు వరుసలో మా బడిలో వంట చేసే పద్మమ్మ కళ్లు తెరవకుండానే "ఆమెన్" అందట. తెరిచాక టీవీ నిండా ఎర్రగా, రంగుల్లో, ప్రతి భాగానికీ పేరు రాసి ఉంది.

నేను ఫోను చేతిలో పట్టుకొని గోడ చుట్టూ తిరిగి పక్క తలుపు దగ్గరికి పరుగెత్తేసరికి హిమజ టీవీ ఆపేసి నిలబడి ఉంది. అజయ్ కుమార్ గారు ఆమె ముందున్నారు.

"రూతమ్మ టీచరు పాపం పేపర్లు దిద్దుకుంటా ఉంది. ఆమె పాఠం ఫోన్లో తీసింది నువ్వేనంట. టీవీ కాడ కూర్చునేది నువ్వు. ఏందమ్మా ఇది? మందిరమంటే చీరల అంగడి అనుకుంటివా?"

ఎవరో వెనక నుంచి, "మన బిడ్డ అయితే కదా భయముండేది" అన్నారు.

హిమజకు అంతా తెలిసిపోయింది. ఎవరి ఫోను నుంచి వచ్చిందో టీవీ మీద పేరు పడుతుంది, ఆపే ముందు చూసే ఉంటుంది. నావైపు చూసింది. చెప్పమని అడగలేదు, చెప్పొద్దనీ అనలేదు. నా చేతిలో ఫోను చూసి తల దించుకుంది. అంతే.

నేను నోరు మూసుకుంటే సరిపోయేది. అయ్యగారి ప్రసంగం కూడా దాని మీదే. నోరు తెరిస్తే, ఏ తెర ఏదో తెలియని మనిషినని పదో తరగతి ఇచ్చే ఆయన ముందరే ఒప్పుకున్నట్టు. డెమో దాకా పోనక్కర్లేదు, లైబ్రరీ తాళంచెవి అక్కడే చేతిలో పెడతారు.

"అయ్యగారూ, నేను సాక్ష్యం చెప్పాల," అన్నాను.

మా సంఘంలో సాక్ష్యానికి లేచిన మనిషిని ఎవరూ ఆపకూడదు. సెక్రెటరీ అయినా సరే కూర్చోవాలి. అజయ్ కుమార్ గారు కూర్చున్నారు.

"నేను పేపర్లు దిద్దడం ల్యా. అబద్ధం చెప్పినా. పక్క గదిలో ఆ తెర నేర్చుకుంటాండా. బడిది ఒకటి, ఒకటే నొక్కమని మా హిమజ చెప్పింది. ఒకసారి కాదు, మూడుసార్లు చెప్పింది. శెట్టిగారి బిడ్డకు మన కాంపౌండు సంగతి ఏం తెలుసులే అని నేను రెండు నొక్కినా. ఆ యమ్మి చెప్పింది రైటు. తప్పు నాది."

ఎవరి ముందరైనా తప్పు నాదని చెప్పడం నా జీవితంలో అదే మొదటిసారి. మా ఆయనకు ఏం చెయ్యాలో తోచక, అలవాటు కొద్దీ, "కూర్చో, కూర్చో, ఈడ సీటుంది" అన్నాడు.

పద్మమ్మ లేచింది. ఆమెకు అరవై దాటాయి.

"టీచరమ్మా, ఆ బొమ్మ మళ్లొకసారి పెడతావా?"

"ఎందుకు పద్మమ్మా?"

"ఐదుమందిని కంటి. లోపల ఎట్లుంటాదో ఈ పొద్దే చూసినా. చూస్తాండంగనే ఆపేసిరి."

ఆడవాళ్ల వైపు నుంచి ఒక గుసగుస మొదలైంది. "మిగిలిన సగం ఏముందో" అని ఒకరు, "మాకూ చూడాలనుంది" అని ఇంకొకరు. అయ్యగారికి ముగ్గురు ఆడపిల్లలు. ఆయన గొంతు సవరించుకొని పైకప్పును చూస్తూ, "కూడిక అయినంక, పక్క గదిలో, ఇష్టమున్న స్త్రీలు పోవచ్చు" అన్నారు.

ముప్పై ఒక్క మంది పదో తరగతి బెంచీల్లో ఇరుక్కొని కూర్చున్నారు. హిమజ నా పక్కన నిలబడింది. నేను ఒకటి తాకాను. తెర నిండా బొమ్మ వచ్చింది. వీడియో ఆపేసి నేనే చెప్పాను, వాళ్ల ముఖాలు చూసి. వాళ్లు అడిగిన ప్రశ్నలు ఏ పుస్తకంలోనూ లేవు. ఆడపిల్ల పుడితే తప్పు ఎవరిది అని ఒకామె అడిగింది. చెప్పాను. ఆమె తెర వైపు వేలు చూపించి, "మా యత్తకు ఇది చూపించాల" అంది. రెండు గంటలకు విడవాల్సిన ఉపవాసం మూడున్నరకు విడిచారు.

గేటు దగ్గర అజయ్ కుమార్ గారు నిలబడి ఉన్నారు. "మంచి పనేనమ్మా," అన్నారు. "కానీ నంద్యాలలో చూసేది బయటోళ్లు. ఆడ సాక్ష్యం చెప్తే మార్కులెయ్యరు."

ఈస్టరు తర్వాత మంగళవారం నంద్యాల పోయాం, నేనూ హిమజా. ఎండ పేలిపోతోంది. దారిలో బస్సు శిరివెళ్ల దాటేదాకా పాఠం ఒప్పజెప్పించుకుంది. దాటాక కిటికీ వైపు తిరిగిపోయింది. ఏడాది తర్వాత సొంత ఊరికి రావడం.

డెమో హాల్లో మా ఫోన్లలో ఎనిమిది తెరల పేర్లు కనిపిస్తున్నాయి. నాకు ముందు వచ్చిన సారు తనకు తోచింది తాకి, మేడ మీద జరుగుతున్న లెక్కల డెమోలో జొన్న పంట చూపించాడు. నేను ఫోను తాకలేదు. వైర్లు చూసుకునే మనిషి దగ్గరికి పోయి, "ఈ తెర పేరు ఏంది నాయనా?" అని అడిగాను. చెప్పాడు. "ఖాయమా?" అన్నాను. మళ్లీ చెప్పాడు. అప్పుడు తాకాను.

పాఠం నేలను చూసి చెప్పలేదు. అయ్యాక మార్కులేసే ముగ్గురిలో పెద్దావిడ ఇందుమతి గారు, "ఎక్కడ ట్రైనింగ్ తీసుకున్నారు మేడమ్?" అని అడిగింది.

"ఇంట్లోనే. మా కోడలి దగ్గర."

"ఆమె ఏం చేస్తారు?"

"టీచరు," అన్నాను. శ్రమల దినాలు అయిపోయినా అది అబద్ధం కాదు.

వెనక కుర్చీలో అజయ్ కుమార్ గారు ఏదో రాసుకున్నారు. వరండాలో ఎదురొచ్చి, "జూన్‌లో పదో తరగతి జీవశాస్త్రం ఏ పీరియడ్‌లో కావాల్నో మీరే చెప్పండి" అన్నారు. మొదటి పీరియడ్ అన్నాను. హిమజ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను, నొక్కేశాననే చెప్పాలి. ఈసారి తాకండి సాలు అనలేదు ఆమె.

"నాకు చీర కావాల," అన్నాను బయటికొచ్చి.

"ఏ అంగట్లో అత్తమ్మా?"

"నంద్యాలలో నాకు తెలిసిన అంగడి ఒకటే."

నాకు ఆ అంగడి తెలియదు, ఎప్పుడూ గడప తొక్కలేదు. హిమజ గాంధీ చౌకులో అంగడి ముందరి కాలువ బండ దగ్గర కాసేపు ఆగిపోయింది. నేను ఆగలేదు. వెనక చెప్పుల చప్పుడు వినిపించాకే మెట్లెక్కాను.

గురుమూర్తి శెట్టి తెల్ల పరుపు మీద కూర్చొని చీర మడుస్తున్నాడు. "రాండమ్మా, ఏం చూపించమంటారు?" అని తలెత్తాడు. నా వెనక చూశాడు. మడత అక్కడే ఆగింది. తర్వాత మళ్లీ నా వైపే తిరిగి ఒకదాని మీద ఒకటి చీరలు పరచడం మొదలుపెట్టాడు. ఎండల గురించి చెప్పాడు. ధర్మవరం నేత గురించి చెప్పాడు. కూతురి వైపు కన్నెత్తలేదు గానీ, నీళ్లు తెమ్మని లోపలికి కేకేసి "రెండు గ్లాసులు" అన్నాడు.

గోడ మీద పెద్దదేదో నీలం చీర కప్పి ఉంది. మా క్లాసులో దుప్పటి గుర్తొచ్చింది.

"అదేందన్నా?" అన్నాను. అన్నా అనే వరస నాకు తెలియకుండానే నోట్లోంచి వచ్చింది.

"టీవీ. చీరల మాడళ్లు చూపించేదానికి. పాప ఉన్నప్పుడు పెట్టేది. యాడాదిగా ఆడటం ల్యా." లేచి చీర లాగి, రిమోటు తీసుకొని వెలిగించాడు. తెర మీద ఒకటి, రెండు, మూడు అని మూడు వరసలు వచ్చి నిలబడ్డాయి. "ఈడికొచ్చి ఆగిపోతాది. దీంట్లో ఏది నొక్కాల్నో నాకు తెలీదు. మీకు తెల్సు కదా టీచరమ్మా? తెర మీద పాఠాలు చెప్తాండారంట."

ఎవరు చెప్పారని నేను అడగలేదు. ఆళ్లగడ్డ కబుర్లు ఆయన ఎక్కడి నుంచో తెప్పించుకుంటూనే ఉన్నాడన్న మాట.

నాకు తెలుసు. మూడింటిలో ఏది నొక్కాలో చూడగానే తెలిసిపోయింది. వేలు దురద పెట్టింది. ఇరవై ఆరేళ్లుగా ఎవరేది అడిగినా నేనే చెప్పిన దాన్ని. చేతులు రెండూ కొంగులో చుట్టుకున్నాను.

"మీ పాపనడుగన్నా. ఆ యమ్మి ఏది చెప్తే అది నొక్కు. నేను ఒకసారి వినకుండా నొక్కి చూసినా."

ఆయన రిమోటును తిప్పి తిప్పి చూశాడు. తెర వైపే తిరిగి, తల తిప్పకుండా, "ఏదిమ్మా?" అన్నాడు.

"రెండు నాయనా," అంది హిమజ.

ఆయన రెండు నొక్కాడు.